మాగ్నెటిక్ బబుల్‌ను పసిగట్టడానికి ఏ డిటెక్టర్ మేలు? నల్లగొండ ల్యాబు నుంచి ఒక పోలిక

ఎమ్మెస్సీ ఫైనలియర్ పిల్లలు ఏటా ప్రాజెక్టు టాపిక్ పట్టుకుని నా గదికి వస్తారు. ఈసారి దేవరకొండ అమ్మాయి, అచ్చంపేట అబ్బాయి కలిసి వచ్చారు. "సార్, మాగ్నెటిక్ బబుల్స్ తీసుకున్నం. బబుల్‌ని ఎట్ల కనిపెట్టాలె అన్న కాడ ఆగిపోయినం. కొందరు మాగ్నెటోరెసిస్టెన్స్ అంటున్నరు, కొందరు హాల్ ఎఫెక్ట్ అంటున్నరు. ఇంకోచోట మాగ్నెటోస్ట్రిక్టివ్ పొర మీద పీజో పొర వేసి చూడొచ్చని ఉంది. ఏది పట్టుకోవాలె?" అని అడిగారు. మాగ్నెటిక్ బబుల్ అంటే సన్నటి అయస్కాంత పొరలో ఏర్పడే చిన్న గుండ్రటి అయస్కాంత చుక్క. మాగ్నెటోరెసిస్టెన్స్ అంటే అయస్కాంత దిశను బట్టి రెసిస్టెన్స్ మారడం, మాగ్నెటోస్ట్రిక్టివ్ పొర అంటే అయస్కాంతమైతే సాగేదో కుంచించుకునేదో, పీజో అంటే ఒత్తితే వోల్టేజి ఇచ్చేది. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తిగా అనిపించలేదు. దాంతో రెండు నెలలపాటు ముగ్గురం కూర్చుని లెక్కలు వేశాం, బల్ల మీద కొన్ని ప్రయోగాలు చేశాం. మా నల్లగొండ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఇదే ప్రశ్నతో ఇంకెవరైనా కూర్చుని ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిటెక్టర్ ఎంచుకునేటప్పుడు పిల్లలు పుస్తకంలో పట్టిక తెరిచి ఏ పదార్థానికి పెద్ద అంకె ఉందో చూసి దాన్ని పట్టుకుంటారు. అది తప్పు దారి. బబుల్ దగ్గర పుట్టిన సిగ్నల్ యాంప్లిఫయర్ దాకా చేరేలోపు దారిలో ఎంత పోతుంది, దానితో పాటు ఏ చెత్త కలుస్తుంది అన్నది ముందు చూడాలి.

బబుల్ అంటే

గాడోలినియం గాలియం గార్నెట్ అనే స్ఫటికపు పలక మీద ఇంకో రకం గార్నెట్‌ను కొన్ని మైక్రాన్ల మందంలో పొరగా పెంచుతారు. ఆ పొరలో అయస్కాంత దిశ పలకకు నిలువుగా, పైకో కిందికో ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక ల్యాబులో పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు మా అమ్మ వేసే మెలికల ముగ్గు గుర్తొచ్చింది. ముదురు గీత, లేత గీత ఒకదాని పక్కన ఒకటి మెలికలు తిరిగి పొరంతా నిండి ఉన్నాయి. చుట్టూ ఉన్న కాయిల్‌లో కరెంటు మెల్లగా పెంచారు. ముదురు గీతలు సన్నబడ్డాయి, పొట్టివయ్యాయి, చివరికి గుండ్రటి చుక్కలై నిలబడ్డాయి. ముగ్గులో చుక్కలు ముందు పెట్టి మెలికలు తర్వాత తిప్పుతాం. ఇక్కడ మెలికలు ముందు, చుక్కలు తర్వాత. ఆ చుక్కే బబుల్. చుట్టూ ఉన్న పొర పైకి చూస్తుంటే అది కిందికి చూస్తుంటుంది. కరెంటు ఇంకాస్త పెంచగానే చుక్కలు ఒక్కొక్కటే ఠక్కున మాయమైపోయాయి.

బెల్ ల్యాబ్స్‌లో ఆండ్రూ బోబెక్ బృందం 1967లో దీన్ని మెమొరీకి వాడొచ్చని చూపింది. బబుల్ ఉంటే 1, లేకపోతే 0. పర్మలాయ్ అనే నికెల్, ఇనుము మిశ్రమంతో పొర మీద చిన్న చిన్న గుర్తులు గీసి, పక్కల నుంచి తిరిగే అయస్కాంత క్షేత్రం పెడితే బబుల్స్ ఆ గుర్తుల వెంట వరసగా నడుస్తాయి. 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 92 కిలోబిట్ల చిప్ తెచ్చింది. 1979లో ఇంటెల్ 10 లక్షల బిట్ల చిప్ తెచ్చింది. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే తొలి తరం ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఈ మెమొరీయే. ఆ తర్వాత హార్డ్ డిస్కులు, సెమీకండక్టర్ మెమొరీలు చౌకై దీన్ని పక్కకు నెట్టేశాయి. అయినా విద్యార్థికి ఇంత మంచి పాఠం మళ్లీ దొరకదు. ఒక చిన్న అయస్కాంత చుక్క కదలికను విద్యుత్తుగా ఎలా మార్చాలన్న ప్రశ్నలో సగం ఫిజిక్స్ సిలబస్ ఉంది.

పట్టాల్సింది ఎంత చిన్నదంటే

5 మైక్రాన్ల వ్యాసం ఉన్న బబుల్ అనుకుందాం. పొర మాగ్నెటైజేషన్ 200 గాస్, అంటే 0.02 టెస్లా. బబుల్ వైశాల్యంతో గుణిస్తే ఫ్లక్స్ సుమారు 4×10⁻¹³ వెబర్ వస్తుంది. లక్ష హెర్ట్జ్‌తో తిరిగే క్షేత్రంలో పావు చుట్టు, అంటే రెండున్నర మైక్రోసెకన్లలో, బబుల్ డిటెక్టర్‌ను దాటిపోతుంది. ఒక చుట్టు తీగ పెట్టి ఫారడే నియమంతో పట్టాలంటే దొరికేది 0.16 మైక్రోవోల్ట్. అదే తీగలో తిరిగే క్షేత్రం వల్ల పుట్టే వోల్టేజి దానికి ఎన్నో రెట్లు. జాతరలో మైకుల మధ్య ఒకరు చెవిలో చెప్పే మాట వినాలన్నట్టు ఉంటుంది. కాబట్టి కాయిల్ పద్ధతిని ఇక్కడే వదిలేశాం.

కాంతితో చూసే పద్ధతి వేరు. 1845లో ఫారడే కనిపెట్టినట్టు, అయస్కాంత పదార్థం గుండా పోయే పోలరైజ్డ్ కాంతి కొద్దిగా తిరుగుతుంది. గార్నెట్‌లో ఆ తిరుగుడు కంటికి కనిపించేంత ఉంటుంది. నేను ముగ్గు చూసింది అలాగే. బబుల్ మీద ఏదీ తాకదు, వేడి పుట్టదు, ఏ తీగా అక్కర్లేదు. బబుల్‌ను కళ్లారా చూడటం, కొలవడం, వీడియో తీయడం ప్రాజెక్టు లక్ష్యమైతే ఇంతకు మించింది లేదు. చిప్ లోపల మాత్రం లైటు, పోలరైజర్లు, ఫోటోడయోడ్ ఇరికించలేరు. ఇంకో ఇబ్బంది, మన జిల్లా కాలేజీల్లో గార్నెట్ పొర గానీ, మంచి పోలరైజింగ్ మైక్రోస్కోపు గానీ దొరకడం కష్టం. హైదరాబాద్‌లో ఎవరైనా ఒక రోజు చూడనిస్తామంటే బస్సెక్కి పోండి. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లే.

హాల్ ఎఫెక్ట్ గురించి రెండు మాటలు చాలు. కరెంటు పోయే సన్నటి పొర మీద అయస్కాంత క్షేత్రం పడితే అడ్డంగా వోల్టేజి వస్తుంది. ఇండియం యాంటిమొనైడ్‌లాంటి పదార్థంతో మంచి సిగ్నలే వస్తుంది. కానీ గార్నెట్ మీద ఆ సెమీకండక్టర్ పొరను విడిగా, సరిగ్గా బబుల్ సైజులో, నాలుగు తీగలతో కూర్చోబెట్టాలి. చిప్ తయారీలో అదో అదనపు తలనొప్పి. బల్ల మీద మాత్రం హాల్ సెన్సర్ బంగారం. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 49ఈ రకం లీనియర్ సెన్సర్ ఒక గాస్‌కు సుమారు 1.4 మిల్లీవోల్ట్ ఇస్తుంది. మిగతా అన్ని డిటెక్టర్లకూ దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాం.

గెలిచింది మాగ్నెటోరెసిస్టెన్స్, కారణం చాలామంది అనుకునేది కాదు

1850ల్లో విలియం థామ్సన్, తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్ అన్న ఆయన, ఇనుము, నికెల్ రెసిస్టెన్స్ అయస్కాంత దిశను బట్టి మారుతుందని గమనించాడు. పర్మలాయ్‌లో ఆ మార్పు ఎంత లాగినా రెండు మూడు శాతమే. ఇంత చిన్న అంకె ఉన్న పద్ధతి బబుల్ మెమొరీ అంతటికీ ఎలా గెలిచింది? బబుల్స్‌ను నడిపించే గుర్తులు కూడా పర్మలాయ్‌వే కాబట్టి. అదే లోహం, అదే పొర, చిప్ మీద ఆకారాలు అచ్చువేసే మాస్కు కూడా అదే. అదనంగా ఏ పదార్థమూ వేయనక్కర్లేదు. దానికి తోడు ఒక తెలివైన పని చేశారు. డిటెక్టర్ దగ్గరికి వచ్చే ముందు బబుల్‌ను వందల కొద్దీ మడత గుర్తుల కిందుగా అడ్డంగా సాగదీశారు. చుక్క కాస్తా పొడుగాటి చార అవుతుంది. ఆ చార మొత్తం మీద పర్మలాయ్ తీగ ఉంటుంది కాబట్టి కొన్ని మిల్లీవోల్ట్‌ల సిగ్నల్ వస్తుంది.

నష్టాలు రెండు. మొదటిది, కరెంటు ఎప్పుడూ పోస్తూనే ఉండాలి. వెయ్యి ఓమ్‌ల తీగలో 5 మిల్లీ ఆంపియర్లు పోతే 25 మిల్లీవాట్ల వేడి ఒకే చోట పుడుతుంది. గార్నెట్ పొర గుణాలు వేడితో మారతాయి కాబట్టి ఆ చోటు బబుల్స్‌కు మంచిది కాదు. రెండోది మన ఎండలకు బాగా సంబంధించింది. పర్మలాయ్ రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.3 శాతం పెరుగుతుంది. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది. పొద్దున 30 డిగ్రీల్లో మొదలుపెట్టిన రీడింగు మధ్యాహ్నానికి 4 శాతం పక్కకు జరిగిపోతుంది. బబుల్ ఇచ్చే మార్పు ఒక శాతంలోపు. అందుకే అచ్చం అలాంటి ఇంకో డిటెక్టర్‌ను బబుల్ రాని చోట పెట్టి, రెండింటినీ బ్రిడ్జిలో కలుపుతారు. ఎండకు రెండూ సమానంగా పెరుగుతాయి, తేడా మాత్రమే బయటికి వస్తుంది. తిరిగే క్షేత్రం వల్ల వచ్చే గోల కూడా చాలావరకు అక్కడే కొట్టుకుపోతుంది. డమ్మీ, అంటే ఆ రెండో డిటెక్టర్, లేకుండా మాగ్నెటోరెసిస్టెన్స్ ప్రాజెక్టు చేస్తామంటే నేను ఒప్పుకోను.

ఇక మన జంట: మాగ్నెటోస్ట్రిక్షన్, పీజో

పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే జుమ్మని శబ్దం వస్తుంది కదా. లోపలి ఇనుప రేకులు అయస్కాంతమైనప్పుడల్లా రవ్వంత సాగుతున్నాయి, అదిరే రేకులు మోగుతున్నాయి. అదే మాగ్నెటోస్ట్రిక్షన్. జేమ్స్ జూల్ 1842లో ఇనుప కడ్డీలో గమనించాడు. కరెంటు 50 హెర్ట్జ్ అయినా ఆ జుమ్మనే శబ్దం 100 హెర్ట్జ్. ఎందుకంటే అయస్కాంతం ఉత్తరానికి తిరిగినా దక్షిణానికి తిరిగినా రేకు సాగేది ఒకేలా. ఒక సైకిల్‌లో రెండుసార్లు సాగుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పీజో వంటింట్లోనే ఉంది. గ్యాస్ లైటర్ నొక్కితే టక్‌మని నిప్పురవ్వ వస్తుందే, లోపలున్న సిరామిక్ ముక్క మీద దెబ్బ పడి వోల్టేజి పుట్టడం వల్లనే. 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టిన గుణం అది.

రెండింటినీ అతికిస్తే గొలుసు పూర్తవుతుంది. బబుల్ కిందుగా వస్తుంది, పైనున్న మాగ్నెటోస్ట్రిక్టివ్ పొర సాగుతుంది లేదా కుంచించుకుంటుంది, దానికి అంటుకున్న పీజో పొర కూడా లాగబడి వోల్టేజి ఇస్తుంది. బయటి నుంచి కరెంటు పోయనక్కర్లేదు. వేడి లేదు. కాగితం మీద ఇంత అందమైన డిటెక్టర్ లేదనిపిస్తుంది, అచ్చంపేట అబ్బాయి కళ్లలో ఆ మెరుపు చూశాను.

లెక్క వేశాం. బబుల్ క్షేత్రానికి లోహపు పొర పది లక్షల్లో 10 వంతులు సాగిందనుకున్నాం. అది మొత్తంగా ఒక మైక్రాన్ మందం పీజెడ్‌టీ (లెడ్ జిర్కోనేట్ టైటనేట్ అనే పీజో సిరామిక్) పొరకు అందిందనుకుంటే 6 మిల్లీవోల్ట్‌ల పైచిలుకు వచ్చింది. మాగ్నెటోరెసిస్టెన్స్‌తో సమానం! అబ్బాయి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇప్పుడు కెపాసిటెన్స్ లెక్క వెయ్యి బిడ్డా" అన్నాను. 5 మైక్రాన్లు పొడవు, 5 మైక్రాన్లు వెడల్పు, ఒక మైక్రాన్ మందం. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం వెయ్యి. వచ్చింది 0.22 పికోఫారడ్. దాని నుంచి యాంప్లిఫయర్ దాకా పోయే దారి, యాంప్లిఫయర్ మొదటి ట్రాన్సిస్టర్, అన్నీ కలిపి 10 పికోఫారడ్లు ఉంటే, పుట్టిన ఆవేశం వాటన్నిటినీ నింపాలి. 6.6 మిల్లీవోల్ట్ కాస్తా 0.14 మిల్లీవోల్ట్‌కు పడిపోయింది. చెంబెడు నీళ్లు తెచ్చి తొట్టిలో పోసినట్టు. నీళ్లు ఎక్కడికీ పోలేదు, మట్టం మాత్రం కనిపించదు.

ఇక్కడ దేవరకొండ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "సార్, మాగ్నెటోరెసిస్టెన్స్‌లో బబుల్‌ని సాగదీసిన్రు కదా, ఇక్కడ కూడా సాగదీస్తే?" సరిగ్గా అదే దారి. బబుల్‌ను 500 మైక్రాన్ల చారగా సాగదీసి, దాని మీద అంతే పొడుగు పీజో పట్టీ పెడితే కెపాసిటెన్స్ వంద రెట్లై 22 పికోఫారడ్లవుతుంది. అప్పుడు దారిలో మూడో వంతే పోయి, నాలుగున్నర మిల్లీవోల్ట్‌లు మిగులుతాయి. కాబట్టి ఈ జంటను చిప్ మీద ఎంచుకోవాలంటే నేను పెట్టే మొదటి షరతు, చుక్క మీద కాదు, చార మీద పెట్టండి.

లెక్కలో మేం కావాలనే వదిలేసిన ఒక విషయం ఉంది, అది ఇంకా కఠినమైంది. సన్నటి పొర వందల మైక్రాన్ల మందమున్న గార్నెట్ పలకకు అతుక్కుని ఉంటుంది. పొర సాగాలనుకున్నా పలక సాగనివ్వదు. తల్లి చేయి పట్టుకున్న పిల్లాడు అంగడిలో పరిగెత్తలేనట్టు. ఎంత మేరకు ఆపుతుందన్నది పొరల మందం, ఆకారం మీద ఉంటుంది కానీ, మా 6.6 మిల్లీవోల్ట్ గరిష్ఠమే తప్ప వచ్చి తీరేది కాదు. పైగా గార్నెట్‌కు కూడా కొద్దిపాటి మాగ్నెటోస్ట్రిక్షన్ ఉంటుంది. బిగుతుగా కూర్చున్న పీజో పొర కింద గార్నెట్ నొక్కుకుపోతే బబుల్ అక్కడే తట్టుకుని ఆగిపోయే ప్రమాదం ఉంది. చూడటానికి పెట్టిన పరికరమే చూడాల్సిన దాన్ని పట్టి ఉంచితే ఇక కొలిచేదేముంది?

ఇంకో తేడా. పీజో కదలికనే చూస్తుంది. బబుల్ వచ్చి ఆగితే ఆవేశం మెల్లగా కారిపోయి సిగ్నల్ సున్నా అవుతుంది. మాగ్నెటోరెసిస్టెన్స్, హాల్ రెండూ ఆగిన బబుల్‌నూ చూపిస్తాయి. మెమొరీ చిప్‌లో బబుల్స్ నడుస్తూనే ఉంటాయి కాబట్టి అక్కడ ఇది పెద్ద లోపం కాదు. ఆగిన చుక్కను కనిపెట్టాలంటే మాత్రం ఈ జంట మీకు వద్దు.

ఏ లోహం, ఏ పీజో

పర్మలాయ్ పనికిరాదు. 81 శాతం నికెల్, 19 శాతం ఇనుము దగ్గర దాని మాగ్నెటోస్ట్రిక్షన్ దాదాపు సున్నా. ఒత్తిళ్లకు లొంగకుండా ఉండాలనే ఆ పాళ్లు ఎంచుకుంటారు. వేరే లోహం వేయాల్సిందే, అంటే ఒకే మాస్కు అనే సౌకర్యం పోయినట్టే.

నికెల్ అయస్కాంతమైతే కుంచించుకుంటుంది. మీటరు కడ్డీ 35 మైక్రాన్లు తగ్గుతుంది, తల వెంట్రుక మందంలో సగం. టెర్బియం, డిస్‌ప్రోసియం, ఇనుము కలిసిన టెర్ఫినాల్-డి మీటరుకు మిల్లీమీటరు పైనే సాగుతుంది. అమెరికా నేవల్ ఆర్డ్‌నెన్స్ ల్యాబొరేటరీలో తయారైంది, పేరులో 'నాల్' అన్నది ఆ ల్యాబుదే. అంకె చూసి మా వాళ్లు దాన్నే పట్టుకున్నారు. కానీ అది అంత సాగాలంటే వందల నుంచి వెయ్యి ఓర్‌స్టెడ్‌ల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) క్షేత్రం కావాలి. బబుల్ పైకి చూపేది కొన్ని పదులు. బోర్లో ఇంచున్నర నీళ్లే ఉంటే పది హెచ్‌పీ మోటారు దించి ఏం లాభం? మా దగ్గర ఏ రైతును అడిగినా చెప్తాడు.

నా ఓటు ఇనుము ఆధారిత అమార్ఫస్ పట్టీకి, అంటే పరమాణువులు స్ఫటికంలా వరస కట్టని లోహపు పట్టీకి. రకాన్ని బట్టి పది లక్షల్లో 10 నుంచి 30 వంతులే సాగుతుంది, నికెల్ కన్నా తక్కువే. కానీ కొద్ది ఓర్‌స్టెడ్‌లకే ఆ సాగుడు చాలావరకు వచ్చేస్తుంది. చిన్న క్షేత్రాన్ని పట్టడానికి కావాల్సింది మొత్తం సాగుడు కాదు, ఓర్‌స్టెడ్‌కు ఎంత సాగుడు అన్నది.

పీజో వైపు పీజెడ్‌టీ బలమైనది, న్యూటన్‌కు కొన్ని వందల పికోకూలుంబ్‌లు ఇస్తుంది. క్వార్ట్జ్ ఇచ్చేది 2.3. అయితే పీజెడ్‌టీని సన్నటి పొరగా చిప్ మీద వేయాలంటే 600 డిగ్రీలకు అటూ ఇటూ కాల్చాలి, కింద ఉన్న అమార్ఫస్ లోహం ఆ వేడికి స్ఫటికమైపోయి గుణం కోల్పోతుంది. జింక్ ఆక్సైడ్, అల్యూమినియం నైట్రైడ్ తక్కువ వేడిలోనే స్పటరింగ్‌తో (అయాన్లతో కొట్టి పదార్థాన్ని రాల్చి పొరగా పేర్చే పద్ధతి) వేయొచ్చు. వాటి పీజో బలం న్యూటన్‌కు 5 నుంచి 12 పికోకూలుంబ్‌లే, కానీ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం కూడా 10 చుట్టుపక్కలే కాబట్టి వోల్టేజి మరీ అంత తగ్గదు. ఆ తక్కువ స్థిరాంకం వల్లే కెపాసిటెన్స్ ఇంకా చిన్నదై ఇందాకటి తొట్టి సమస్య పెరుగుతుంది, యాంప్లిఫయర్‌ను పక్కనే పెట్టాల్సి వస్తుంది. చిప్ మీద పొరలకు నేను జింక్ ఆక్సైడ్ వైపు, బల్ల మీద అంటించే పనికి పీజెడ్‌టీ వైపు మొగ్గుతాను. పీవీడీఎఫ్ ప్లాస్టిక్ ఫిల్ము చేతికి తేలిగ్గా ఉంటుంది, వంగుతుంది, కానీ మెత్తన. గట్టి లోహంతో జత కుదరదు.

పీజెడ్‌టీ, పీవీడీఎఫ్ రెండింటికీ ఇంకో గుణం ఉంది, వేడి మారితే కూడా వోల్టేజి ఇస్తాయి. మొదటి వారం మా ఆసిలోస్కోపు గీత అలలు అలలుగా ఊగుతుంటే ఎక్కడి నుంచో అర్థం కాలేదు. సీలింగ్ ఫ్యాన్ ఆపాక ఆగింది. ఎండాకాలం ఫ్యాన్ ఆపడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. చివరికి డిస్కు మీద ఖాళీ టిఫిన్ డబ్బా బోర్లించాం, పని జరిగింది.

బల్ల మీద చేయదలిస్తే

గార్నెట్ పొర లేకపోయినా ఈ జంట గుణం మొత్తం బల్ల మీద చూడొచ్చు, అందుకే ప్రాజెక్టుగా నేను దీన్నే సిఫారసు చేశాను. మీ లక్ష్యం ఒక కదిలే అయస్కాంతాన్ని పట్టడమే అయితే హాల్ సెన్సర్‌తో ఒక సాయంత్రంలో అయిపోతుంది, నేర్చుకునేదీ అంతే. ఈ జంటతో నెల పడుతుంది, కానీ లెక్క, కొలత, అతుకు, శబ్దం అన్నీ చేతికి తగులుతాయి.

పీజో బజర్‌లోని 27 మిల్లీమీటర్ల ఇత్తడి డిస్కు తీసుకోండి. కొన్ని డిస్కులు ఇత్తడిలా కనిపించినా అయస్కాంతానికి అంటుకుంటాయి, అవి వద్దు. అమార్ఫస్ పట్టీ కోసం కొనే పని లేదు. సూపర్ మార్కెట్లలో ఖరీదైన సీసాల మీద దొంగతనం పట్టడానికి అంటించే, ఉబ్బెత్తుగా ఉన్న సన్నటి ప్లాస్టిక్ లేబుల్ విప్పితే లోపల వదులుగా మెరిసే పట్టీ దొరుకుతుంది. చదునుగా, చతురస్రంగా ఉండే స్టిక్కర్లలో అది ఉండదు. ఆ లేబుల్‌లోనే ఇంకో పట్టీ, కాస్త అయస్కాంతంగా ఉన్నది కూడా ఉంటుంది. దాన్ని దాచండి, బయాస్‌కు, అంటే పట్టీ మీద ఎప్పుడూ ఉండే స్థిర క్షేత్రం పెట్టడానికి, పనికొస్తుంది.

ఇంచున్నర పీవీసీ పైపు మీద 26 గేజి రాగి తీగను 10 సెంటీమీటర్ల పొడవులో రెండు వరసలుగా 300 చుట్లు చుట్టండి. రెసిస్టెన్స్ నాలుగైదు ఓమ్‌లు వస్తుంది, స్పీకర్‌లాగే. అందుకే మామూలు ఆడియో యాంప్లిఫయర్ బోర్డు దాన్ని నడుపుతుంది. 0.3 ఆంపియర్‌కు లోపల సుమారు 10 ఓర్‌స్టెడ్ క్షేత్రం ఉంటుంది. పట్టీ అంటించిన డిస్కును లోపల పెట్టండి. అయస్కాంతాన్ని చేత్తో దగ్గరికి తెచ్చి సిగ్నల్ వచ్చిందని సంబరపడకండి. అది పట్టీని లాగి వంచడం వల్ల వచ్చింది, మాగ్నెటోస్ట్రిక్షన్ కాదు. కాయిల్ మధ్యలో క్షేత్రం సమానంగా ఉంటుంది కాబట్టి ఆ లాగుడు ఉండదు.

యాంప్లిఫయర్‌కు 70 హెర్ట్జ్ ఇవ్వండి. మెయిన్స్ నుంచి 50 తీసుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం ప్రకారం డిస్కు నుంచి 140 హెర్ట్జ్ రావాలి. తీగల్లో కాయిల్ నుంచి నేరుగా ఎక్కే చెత్త 70 దగ్గరే ఉంటుంది కాబట్టి 140 కనిపిస్తే అది పట్టీ సాగడం వల్లే. 50 వాడితే రావాల్సింది 100, అడాప్టర్ నుంచి వచ్చే రిపిల్ కూడా 100. ఏది ఏదో తేలదు. బయాస్ పట్టీని మెల్లగా దగ్గరికి తెస్తే 140 తగ్గుతూ 70 పెరుగుతుంది. ఆ మార్పును బయాస్ దూరానికి ఎదురుగా గ్రాఫు గీస్తే ప్రాజెక్టులో సగం రాసినట్టే.

డిస్కు కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. తీగవి కొన్ని వందల పికోఫారడ్లు. అంటే చిప్ మీద మా ప్రాణం తీసిన తొట్టి ఇక్కడ చెంబు, డిస్కే తొట్టి. కావాలని డిస్కుకు పక్కన 20, తర్వాత 200 నానోఫారడ్ కెపాసిటర్లు కలిపి సిగ్నల్ ఎలా పడిపోతుందో చూపించండి. చిప్ మీద ఏం జరుగుతుందో అది బల్ల మీదే రుజువు చేస్తుంది. నెమ్మది మార్పులు చూడాలంటే ఆసిలోస్కోపు ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు సిగ్నల్ 20 మిల్లీసెకన్లలోనే కారిపోతుంది, టీఎల్ 072 లాంటి ఫెట్ ఇన్‌పుట్ ఆప్-ఆంప్ బఫర్ పెట్టి బ్యాటరీ మీద నడపండి.

అతుకు విషయంలో మాత్రం మా తప్పు మీరు చేయకండి. తొందరలో మేం మొదట రెండువైపులా అంటుకునే టేపు వాడాం. నురుగు టేపు మెత్తగా ఉండి పట్టీ సాగుడునంతా తనలోనే మింగేసింది, 140 దగ్గర ఏమీ లేదు, మూడు రోజులు యాంప్లిఫయర్‌ను తిట్టుకున్నాం. తర్వాత ఇంకో డిస్కు మీద గరుకు కాగితంతో ఇత్తడి రుద్ది, గట్టిపడే ఎపాక్సీని వీలైనంత పల్చగా పూసి, పట్టీ మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున ఆన్ చేయగానే 140 దగ్గర గీత లేచి నిలబడింది. టేపు వేసిన డిస్కును పారేయకుండా దాచి, అదే కాయిల్‌లో, అదే కరెంటుతో దాని రీడింగు కూడా పట్టికలో ఎపాక్సీ రీడింగు పక్కనే రాయించాను.